పండ్ల పొలిమేరలు
(ఒక పూర్వవిద్యార్థిని)

నీవేమి యుద్యోగము చేయుచున్నావని యడిగినవారికి "పండ్లను వేఱుచేయుచుందును" అని చెప్పుట నాకలవాటు. వినినవారిలో సగముమంది నేను మామిడిపండ్ల మండీలో మేలిరకములను ఏరుచుందు ననుకొందురు. చెట్టున కాచునవియు నోట మొలచునవియు మన భాషలో బహువచనమున నొక్కటే యగుటచే వచ్చిన చిక్కిది. నేను వేఱుచేయునవి నోటిలోని పండ్లు. అవియు నిజమైనవి కావు, కంప్యూటరు తెఱమీది వాని ప్రతిరూపములు. హైదరాబాదు నగరమున నొక కార్యాలయమందు కూర్చుండి, దంతవైద్యులు తీయించి పంపిన త్రిపరిమాణ చిత్రములలో ఏ పన్ను ఎచ్చట మొదలై ఎచ్చట ముగియుచున్నదో నిర్ణయించుట నా పని. మొదట యంత్రము గీతలు గీయును. పిదప నేను వానిని పరిశీలించి దిద్దుదును. పండ్లచుట్టు గీతలు గీయుటకొక యుద్యోగము కావలెనా యని పలువురు నవ్విరి. ఆ గీతల విలువ యెట్టిదో మన పాఠశాల పత్రిక చదువరులకు విన్నవింపవలెనని నా కోరిక.

ముందుగా నీ చిత్రముల పూర్వకథ కొంచెము చెప్పవలసియున్నది. 1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీదేశమందలి వుర్ట్‌స్‌బర్గు పట్టణమున రాంట్‌జెన్ పండితుడు ఎక్స్‌కిరణములను కనుగొనెను. ఆ వార్త వెలువడిన కొన్ని దినములకే, 1896 జనవరిలో, బ్రౌన్‌ష్వైగు పట్టణపు దంతవైద్యుడగు ఓటో వాల్కాఫ్ ఛాయాచిత్రపు పలకను తన నోట నుంచుకొని, 25 నిమిషములు కదలక యుండి, తన పండ్లను చిత్రింపించుకొనెను. నేడాపని ఱెప్పపాటులో ముగియును. అయినను అట్టి చిత్రము నాడును నేడును నీడయే. తోలుబొమ్మలాటలో రెండు బొమ్మలు తెఱమీద నొక్కచోటికి వచ్చినప్పుడు వాని నీడలు కలిసిపోయి, యేది ముందో యేది వెనుకో తెలియరాదు. పంటినీడయు, దాని ముందువెనుకల నున్నవాని నీడయు నట్లే కలిసిపోవును.

ఈ కలయికవలన నేమి కీడు రాగలదో నేను మా యింటనే చూచితిని. మా మేనమామ బ్యాండు మేళములో క్లారినెట్టు వాయించెడివాడు. 2003వ సంవత్సరమున నాయనకు క్రింది దవడ కుడివైపున జ్ఞానదంతము వాచి మిక్కిలి బాధపెట్టెను. క్రింది దవడ యెముకలో నొక సన్నని కాలువ కలదు. అందుండి పోవు నరమువలననే క్రిందిపెదవికిని గడ్డమునకును స్పర్శ తెలియుచున్నది. కొందఱి జ్ఞానదంతపు వేళ్లు ఈ కాలువ నానుకొని యుండును. మామయ్య చిత్రములో వేరును కాలువయు నొకదానిపై నొకటి పడి కనబడెను. వేరు కాలువను తాకుచున్నదా, లేక రెండును ఎడముగా నుండి నీడలు మాత్రమే కలిసినవా యనునది యా చిత్రమునుబట్టి తేలదు. వైద్యుడీ సంగతిని ముందుగనే చెప్పి, జాగ్రత్తతోనే పంటిని తీసెను. అయినను నరము నలిగెను. ఆయన క్రిందిపెదవి కుడిసగము మొద్దుబాఱి పోయెను.

క్లారినెట్టు వాయించువాడు క్రిందిపెదవిని పండ్లమీదికి మడచి, దానిపై వాద్యపు ఱెల్లు నానించి ఊదవలెను. పెదవికి స్పర్శ లేనప్పుడు ఱెల్లెచ్చట నున్నదో, దానిపై నెంత ఒత్తిడి పడుచున్నదో తెలియదు. అన్నము తినునప్పుడు పెదవి కఱచుకొని నెత్తురు వచ్చినను ఆయన యెఱుగకుండెను. ఆ యేటి పెండ్లిండ్ల దినములన్నియు మామయ్య అరుగుమీద కూర్చుండి, తన మేళము వీథిని పోవుచుండగా వినుచుండెను. ఎనిమిది మాసములకు స్పర్శ చాలవఱకు తిరిగి వచ్చెను; పూర్తిగా రాలేదు. నేనప్పుడు బడిపిల్లను. వైద్యునిపై మాకెట్టి నిందయు లేదు. ఆయన చేత నున్నది నీడ. నీడకు లోతు లేదు.

లోతుగల చిత్రమును తీయు విద్య అప్పటికే లోకమున లేకపోలేదు. ఇంగ్లండు దేశమున గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రముతో 1971వ సంవత్సరమున మొదటిసారిగా నొక రోగి మెదడును చిత్రించిరి. దంతవైద్యమునకు తగిన యంత్రమును గూర్చి ఇటలీలోని వెరోనా పట్టణపు శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిరి. ఇందు శంకువు వలె విచ్చుకొను కిరణములను పంపు దీపమును, వానిని పట్టుకొను పలకయు ఎదురెదురుగా నుండి రోగి తలచుట్టు నొకమాఱు తిరుగును. ఆ తిరుగుటలో తీసిన వందలకొలది నీడలనుండి కంప్యూటరు లెక్కగట్టి దవడ రూపమును మఱల నిర్మించును. దీనిని కోన్‌బీమ్ సి.టి. యందురు. నేడిట్టి యంత్రములు మన పెద్ద పట్టణములలో ననేకము కలవు.

అయితే లోతు దొరకినంత మాత్రమున పన్ను దొరకినట్లు కాదు. నా యుద్యోగమిచ్చటనే మొదలగుచున్నది. యంత్రము మనకిచ్చునది సన్నని ఘనముల రాశి. ఒక్కొక్క ఘనపు అంచు సాధారణముగ 0.2 మొదలు 0.4 మిల్లీమీటరు వఱకు నుండును. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి 8 సెంటీమీటర్లు గల భాగమును 0.2 మిల్లీమీటరు ఘనములుగా విభజించిన 6 కోట్ల 40 లక్షల ఘనములగును. వీనిలో నొక్కదానికిని తాను పంటిలోనిదో, ఎముకలోనిదో, చిగురులోనిదో తెలియదు. దానియందున్నది తానెంత కిరణము నడ్డగించెనో తెలుపు నొక సంఖ్య మాత్రమే. అది తెఱమీద బూడిదవన్నెలో నొక ఛాయగా కనబడును. ఆ బూడిదరాశినుండి ఒక్కొక్క పంటిని వేఱుపఱచి, దానికొక రంగు పూసి, పేరు పెట్టుటయే దంతవిభజనము.

ఇదియేల కష్టమో కొంచెము యోచింపుడు. పంటివేరునకును దవడయెముకకును నడుమ సన్నని నారపొర యొకటి కలదు. దాని మందము సుమారు 0.2 మిల్లీమీటరు. అనగా మన ఘనములలో మిక్కిలి చిన్నదానితో సమానము. ఘనములు పెద్దవైనచో ఆ పొర వానిలో మునిగిపోవును. వేరు నెముకయు కిరణమును సుమారుగా నొక్కరీతినే అడ్డగించును. పైనిచూచిన, ప్రక్కప్రక్క పండ్ల పింగాణిపొరలు ఒకదాని నొకటి తాకియుండును. పంటిలో లోహము నింపియున్నచో కిరణములు చెదరి, చిత్రమంతట తెల్లని చారలు పడును. పిల్లల దవడలలో పాలపండ్ల వేళ్లు కరుగుచుండగా వాని క్రిందనే శాశ్వతదంతములు మొలకలై యుండును. గట్లు లేని పొలములలో ఏ పైరెవరిదో చెప్పుమన్నట్లుండును ఈ పని.

వెలుతురుతో తీయు మఱియొక చిత్రము కలదు. పెన్నువంటి పరికరమును నోటిలో త్రిప్పిన, పండ్ల పైరూపము వేలకొలది చిన్న త్రికోణముల వలగా తెఱమీద నేర్పడును. ఇది యెట్టి హానికరమైన కిరణములనుపయోగింపదు. పంటికి తొడుగు చేయుటకును, వంకరపండ్లను సరిచేయుటకును మిక్కిలి యనుకూలము. కాని దీనికి చిగురు పైభాగమే కాని వేరు కనబడదు. అందుచే వేళ్లకు కోన్‌బీమ్ చిత్రమును, పైరూపమునకు వెలుతురు చిత్రమును తీసి, రెండింటిలోను పండ్లను వేఱుచేసి, తరువాత జతపఱచుటయు కలదు.

పూర్వము కంప్యూటరుచే నీ పని చేయించుటకు పలువురు పలురీతుల యత్నించిరి. ఇంతకు మించిన సంఖ్యగల ఘనము పన్ను, తక్కువది కాదు అని యొక హద్దు నిర్ణయించుట యందు మొదటిది. అట్టి హద్దును చిత్రమునుబట్టియే లెక్కించు నుపాయమును జపానుదేశీయుడగు ఓట్సు 1979లో ప్రకటించెను. పంటికి నెముకకును సంఖ్యలు దగ్గఱగా నున్నచో నిది సాగదు. మఱియొక యుపాయము మన చెఱువులను తలపించును. చిత్రమును మిట్టపల్లములుగల నేలగా భావించి, పల్లములనుండి నీరు నింపుచు రాగా, రెండు చెఱువుల నీళ్లు కలియబోవుచోట గట్టు వేయుదురు. ఆ గట్టే రెండు పండ్ల నడిమి పొలిమేర. ఊహ చక్కనిదే, కాని చిత్రములో చిన్న మచ్చ యున్నను అదియు నొక గుంటయై, ఒక పంటిని నాలుగు ముక్కలుగా చీల్చివేయును.

ఇప్పటి పద్ధతి వేఱు. నియమము చెప్పుటకు బదులు, మనుష్యులు దిద్దిన మాదిరులను వేలకొలది చూపి యంత్రమునకు నేర్పుదురు. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన యూ-నెట్ అను నిర్మాణమిందు ప్రసిద్ధమైనది. అది చిత్రమును మొదట క్రమక్రమముగా కుదించి మొత్తము రూపమును గ్రహించును. పిదప మఱల పెంచుచు, కుదించునప్పుడు పోయిన సన్నని వివరములను ప్రక్కదారిని తెచ్చి కలుపుకొనును. ఊరిని కొండమీదనుండి చూచి, ఆ పటమును చేతబట్టుకొని సందుగొందులలో తిరిగినట్లు. 2022లో చైనాదేశపు పరిశోధకులు 15 చోట్లనుండి 4,215 మంది రోగుల 4,938 చిత్రములను సేకరించి తమ యంత్రమును పరీక్షించిరి. అది యనుభవశాలురగు నిపుణులతో సరితూగెననియు, వారికంటె సుమారు 500 రెట్లు వేగముగ పనిచేసెననియు ప్రకటించిరి. ఆ యేడే సింగపూరులో జరిగిన విద్వత్సభకై 900 మంది యొక్క 1,800 వెలుతురు చిత్రములపై పలుదేశముల వారికి పోటీ జరిపిరి.

ఇట్టి వార్తలలో యంత్రము పేరు వినబడును. దానికి నేర్పినవారి పేరు వినబడదు. ఆ మాదిరులు ఆకాశమునుండి ఊడిపడలేదు. ఎవరో యొకరు తెఱయెదుట కూర్చుండి, దవడను పైనుండి క్రిందికి పొరపొరగా కోసి చూచుచు, ప్రతి పొరలోను ప్రతి పంటిచుట్టును గీత గీచియున్నారు. ఒక నోటిని మొదటినుండి చేతితో గీయవలెనన్న గంటలు పట్టును. మా కార్యాలయమున నేనును నా సహోద్యోగినులును చేయునది యీ తెగలోని పనియే. కన్నులు మండును, మెడ పట్టుకొనును. ఇద్దఱము ఒకే వేరును గీచినప్పుడు రెండు గీతలు సరిగా కలియుట యరుదు. అప్పుడు మూడవవారిని పిలిచి, వైద్యులనడిగి, ఒక నిర్ణయమునకు వత్తుము. యంత్రమునకు సత్యమని చూపునది యిట్లు మనుష్యులు కూర్చుండి కుదుర్చుకొనిన యొడంబడికయే.

విభజించుటతో పని తీరదు, పేరు పెట్టవలెను. ప్రపంచ దంతవైద్యసమాఖ్య 1970లో నంగీకరించిన పద్ధతిలో ప్రతి పంటికిని రెండంకెల సంఖ్య కలదు. మొదటి యంకె నోటి నాలుగు భాగములలో నేదియో తెలుపును. రెండవది నడిమినుండి ఎన్నవదో తెలుపును. కుడివైపు క్రింది జ్ఞానదంతము 48. పాలపండ్లకు 51 మొదలు 85 వఱకు వేఱు సంఖ్యలు. వరుస నిండుగా నున్నచో లెక్క సులభము. కాని ఎడమ క్రిందివైపున 36వ పంటిని ఎన్నడో తీసివేయగా, 37వది మెల్లమెల్లగా ముందునకు వంగి ఆ చోటు నాక్రమించుకొనుట కలదు. వరుసనుబట్టి లెక్కించు యంత్రము దానిని 36 యని పిలుచుట నేను పలుమాఱులు చూచితిని. పంటి గీత సరియైనదే, పేరు మాత్రము పొరుగువానిది. గీత యెంత చక్కగా నున్నను ఆ పేరుతో వ్రాసిన చీటీ వైద్యుని తప్పుదారి పట్టింపవచ్చును.

గడచిన సంక్రాంతికి మామయ్య మా యింటికి వచ్చినప్పుడు ఈ పనిని కన్నులార చూడగోరెను. రోగుల చిత్రములు కార్యాలయపు గడప దాటరాదు. కావున ఒకప్పుడు నాకై తీయించుకొనిన దవడ చిత్రమునే చూపితిని. ఒక్కొక్క పన్ను ఒక్కొక్క రంగున, నరపుకాలువ యెఱ్ఱని దారమువలె కనబడుచుండగా, దవడను అటునిటు త్రిప్పితిని. మామయ్య చాలసేపు మాటలాడక చూచెను.

"అమ్మాయీ, ఈ యెఱ్ఱగీతను గీచినది యంత్రమా, నీవా?" అని యడిగెను.

"మొదట యంత్రము, తరువాత నేను, మామయ్యా."

"యంత్రమునకు నూటికెన్ని మార్కులు వచ్చును?"

ఆయన ప్రశ్న చిన్నదే. దానికి సరియైన యుత్తరము చెప్పుటకు నాకు కాగితమును కలమును కావలసివచ్చెను. అదియే ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము.

యంత్రపు గీతను మనుష్యుని గీతతో పోల్చి మార్కులు వేయుటకు డైస్ కొలత యనునది వాడుకలో నున్నది. లీ డైస్ అను నమెరికా ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1945లో దీనిని ప్రకటించెను. రెండు జాతుల ప్రాణులు ఒకేచోట ఎంత తఱచుగా కలిసియుండునో తెలిసికొనుటకు ఆయన కల్పించిన లెక్క నేడు పండ్లకు వచ్చినది. రెండింటికి ఉమ్మడియైన ఘనములను రెట్టించి, రెండింటి మొత్తముచే భాగింపవలెను. పూర్తిగా కలిసిన నూటికి నూఱు.

ఒక పంటిలో 20,000 ఘనములున్నవనుకొందము. ఘనపు అంచు 0.3 మిల్లీమీటరు. యంత్రమా పంటియంతటిని సరిగా గీచి, వేరుకొనలో నొక మిల్లీమీటరు మాత్రము విడిచిపెట్టెననుకొందము. కొన శంకువువలె సన్నగిల్లియుండును. దాని మొదలు 2 మిల్లీమీటర్ల వెడల్పు గలదన్నచో, విడిచిన భాగము ఇంచుమించు 1 ఘనమిల్లీమీటరు, అనగా సుమారు 40 ఘనములు. ఇరువదివేలలో నలువది! డైస్ లెక్కను వేసిచూచిన యంత్రమునకు వచ్చు మార్కులు నూటికి 99.9. ఏ పరీక్షాధికారియైనను సంతోషించును. కాని నరపుకాలువ యా కొనయొద్దనే యున్నచో, చిత్రములో వేరునకును కాలువకును నడుమ లేని మిల్లీమీటరు ఎడము కనబడును. వైద్యుడా యెడమును నమ్మి పరికరమును దింపును. మార్కులలో పోయినది వెయ్యింట నొక పాలు. ఆ పాలే మామయ్య పెదవి.

పరిశోధకులీ లోపము నెఱుగనివారు కారు. రెండు గీతలు మిక్కిలి యెడముగా నున్నచోట ఆ యెడమెంతయో కొలుచు మఱియొక కొలతను, హౌస్‌డార్ఫ్ అను జర్మను గణితజ్ఞుని పేర, తోడుగా వాడుదురు. అది మేలైనదే. కాని ఆ యెడము చెంపవైపున నున్నదో నరమువైపున నున్నదో దానికిని తెలియదు. చెంపవైపున మిల్లీమీటరు తప్పినచో నష్టము స్వల్పము. నరమువైపున తప్పినచో నొకని జీవనోపాధి. గణితమునకు రెండును సమానమే. రెండును సమానము కావని తెలిసినవారొకరు ఆ గీతను చూచి తీరవలెను.

మామయ్యకిదంతయు చెప్పితిని. ఆయన కొంతసేపాలోచించి, "మా విద్యయు నంతేనమ్మా. పాటంతయు చక్కగా వాయించి, పల్లవి యెత్తుగడలో నొక్క స్వరము జాఱవిడిచినచో, పెండ్లివారికి జ్ఞాపకముండునది యా స్వరమే" అనెను.

యంత్రమును నిందించుటకు నేనిది వ్రాయలేదు. అది లేనిచో నాకు గంటలు పట్టు పనిని అది నిమిషములలో చేసి నా యెదుట నుంచుచున్నది. అలసట యెఱుగదు, కునుకు తీయదు, నూఱవ నోటిని మొదటి నోటివలెనే చూచును. నేడు చిన్న పట్టణపు వైద్యుడును తన రోగి దవడను రంగులలో త్రిప్పి చూడగలుగుచున్నాడన్న, అది యంత్రపు వేగమువలననే. 2003లో మామయ్యకు లభింపని చూపు నేడు లభించుచున్నది. కాని ఆ చూపును నమ్మదగినదిగా చేయుట మనుష్యుల వంతు.

ప్రియ విద్యార్థులారా, విద్యార్థినులారా, మీలో కొందఱు రేపు నావలెనే యంత్రములు చేసిన పనిని దిద్దు నుద్యోగములలో ప్రవేశింతురు. యంత్రము మీ యెదుట నుంచు పని నూటికి తొంబదితొమ్మిది వంతులు సరిగానే యుండును. ఆ సరియైన భాగమును చూచి మురియుచు కూర్చున్న కన్నులు మత్తెక్కును. తప్పెన్ని యని కాక, తప్పెచ్చట పడిన నెవరికి నొప్పి కలుగునో ముందుగా విచారింపుడు. అచ్చటనుండి చూచుట ప్రారంభింపుడు. నేను ప్రతిదినమును ఉదయమున మొదటి చిత్రమును తెఱచినవెంటనే పైని మెఱయు పండ్ల నటుంచి, క్రిందికి దిగి, జ్ఞానదంతపు వేళ్లకొనలయొద్దకు పోవుదును. ఎఱ్ఱదారము ప్రక్కన పొరపొరను చూచి, ఎడమున్నచో నున్నదని, లేనిచో లేదని గుఱుతుపెట్టి, పిదపనే తక్కిన పండ్ల సంగతి చూచుకొందును.